చలి ముదిరే వేళ, చీకటి పడ్డాక, వాల్‌ఐ ఒడ్డుకెందుకు వస్తుంది?

అక్టోబర్ చివరి వారం. మిన్నెసోటాలో ఓ సరస్సు ఒడ్డున, మోకాళ్ళు దాటిన నీళ్ళలో నిలబడి గాలం వేస్తున్నాం, నేనూ మా బావా. పొద్దుగూకి గంట దాటింది. రీలు చుడుతుంటే నాచు తగులుకున్నట్టు లైను బరువెక్కింది. ఆ నాచు తల విదిలించింది. ఒడ్డుకి తెచ్చి చూస్తే మూరెడు పొడుగు వాల్‌ఐ. అది ఎర అందుకున్న చోట నీళ్ళు నాలుగడుగులు కూడా ఉండవు.

ఇదే చేప కోసం జులైలో ఇదే సరస్సు మీద పడవ వేసుకుని, 25 అడుగుల లోతులో పగలంతా వెతికాం. అప్పుడు లోతు వదిలి రాని చేప ఇప్పుడు, నీళ్ళు చేతులు కొంకర్లు పోయేంత చల్లబడ్డాక, మేం నిలబడ్డ చోటికి తనంతట తానే ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్న ఎవర్నడిగినా ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఒకరు పున్నమి అంటారు. ఒకరు గాలి అంటారు. ఇంకొకరు సరస్సు తిరగబడింది అంటారు. అన్నిట్లోనూ కొంత నిజముంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది పెద్ద చిక్కుముడిలా కనిపిస్తుంది. నాలుగైదేళ్ళు ఈ చలిలో నిలబడ్డాక నాకు అర్థమైందేంటంటే, ఈ ముడికి ఒక కొస ఉంది. అది ఆ చేప కన్ను. దాన్ని పట్టుకుంటే మిగతావి వరసగా విడిపోతాయి.

వాల్‌ఐ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెర్చ్ కుటుంబానికి చెందిన వేటచేప. శాస్త్రీయ నామం సాండర్ విట్రియస్, అందులో విట్రియస్ అంటే గాజులాంటిది అని. ఇక్కడి మూలవాసులైన ఒజిబ్వేలు దీన్ని ఓగా అంటారు. కెనడాలో చాలామందికి ఇది పికరెల్. మిన్నెసోటా 1965లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. చేతిలోకి తీసుకుంటే ఒళ్ళంతా ముదురు పసుపు, కింద తెల్లటి పొట్ట, తోక కింది కొసన చిన్న తెల్ల మచ్చ. కానీ చూపు వాటి మీద ఆగదు. టార్చి వెలుతురు పడగానే రెండు కళ్ళూ తెల్లగా, పాలరంగు గోళీల్లా వెలిగిపోతాయి.

ఊళ్ళో రాత్రిపూట పశువుల పాకలోకి లైటు వేస్తే ఆవుల కళ్ళు ఇలాగే మెరుస్తాయి. పిల్లి కళ్ళూ అంతే. కారణం ఒక్కటే. కంట్లో వెలుతుర్ని పట్టే రెటీనా పొర ఉంటుంది కదా, ఈ జీవాల్లో దాని వెనక అద్దంలాంటి మరో పొర ఉంటుంది. టపీటం అంటారు. లోపలికి వచ్చిన వెలుతురు రెటీనాకి చిక్కకుండా దాటిపోతే, వెనకున్న ఈ అద్దం దాన్ని తిప్పి పంపుతుంది. అంటే ఉన్న కాస్త వెలుతుర్నీ పట్టుకోవడానికి కంటికి రెండో అవకాశం దొరుకుతుంది. దీనికి తోడు వాల్‌ఐ కంట్లో వెలుతురు పట్టే కణాలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. మసక వెలుతురుకి ఇది బాగా పనికొస్తుంది. దీనివల్ల చూపులో స్పష్టత కొంత తగ్గుతుంది, మిట్టమధ్యాహ్నపు ఎండ దానికి గిట్టదు. పగలు తేట నీళ్ళున్న సరస్సులో అది లోతుకో, నాచు నీడకో పోతుందంటే అందుకే.

చిన్న పిల్లగా ఉన్నప్పుడు వాల్‌ఐకి ఈ అద్దం ఇంకా పూర్తిగా ఏర్పడదు. అప్పుడు అది వెలుతురు వైపే ఈదుతుంది. కన్ను ఎదిగే కొద్దీ వెలుతురికి దూరమవుతుంది. ఒకే చేప బతుకులో ఇంత మార్పు రావడం నాకు చాలా ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

ఇప్పుడు దాని తిండి వైపు చూడాలి. ఈ సరస్సుల్లో వాల్‌ఐ ఎక్కువగా తినేది యెల్లో పెర్చ్ పిల్లల్ని. పెర్చ్ కంట్లో అద్దం లేదు. పగలు అది చక్కగా చూస్తుంది, గుంపుగా తిరుగుతుంది, గుంపులో ఒకదాన్ని పట్టడం వేటచేపకి కష్టం. పొద్దు వాలేసరికి పెర్చ్‌కి చూపు మందగిస్తుంది. గుంపు చెదురుతుంది. ఒక్కొక్కటీ విడిగా అడుక్కి చేరి కదలకుండా ఉండిపోతుంది. సరిగ్గా ఆ వేళకే వాల్‌ఐకి అంతా కనిపించడం మొదలవుతుంది. ఒకరికి కనిపిస్తుంది, ఇంకొకరికి కనిపించదు. రాత్రి వేట మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

మరి ఇది ఏడాదంతా నిజమే కదా, శరదృతువులోనే ప్రత్యేకం ఎందుకు? వేసవి రాత్రుల్లోనూ వాల్‌ఐ వేటాడుతుంది, పడుతుంది కూడా. కానీ శరదృతువు వచ్చేసరికి తిండి, నీళ్ళు, పగటి పొడవు మూడూ ఒకేసారి మారతాయి.

తిండితో మొదలుపెడతాను. వసంతంలో పుట్టిన పెర్చ్ పిల్లలు వేసవంతా ఒడ్డు దగ్గరి నీటి మొక్కల్లో దాక్కుని పెరుగుతాయి. సెప్టెంబర్ దాటాక ఆ మొక్కలు చలికి వాడి, కుళ్ళి, అడుక్కి పడిపోతాయి. దాక్కునే చోటు పోయింది, చేపపిల్లలేమో తినడానికి సరిపడా పెరిగి ఉన్నాయి. ఇంకోపక్క లెపర్డ్ ఫ్రాగ్ అనే చుక్కల కప్పలు చలికాలం గడపడానికి గడ్డి నేలల నుంచి సరస్సులోకి దిగుతాయి. వాన కురిసిన రాత్రి రోడ్డు దాటుతూ కనిపిస్తాయి. అవి నీళ్ళలో దిగే చోట వాల్‌ఐ కాపు కాస్తుందని ఇక్కడి పాతవాళ్ళకి బాగా తెలుసు. నవంబర్‌లో నీళ్ళు ఇంకా చల్లబడితే, ఇక్కడ టల్లిబీ అని పిలిచే సిస్కో చేపలు గుడ్లు పెట్టడానికి లోతు నుంచి రాళ్ళూ గులకా ఉన్న మెరక మీదికి వస్తాయి. పెద్ద వాల్‌ఐలు వాటి వెనకే వస్తాయి. పైగా ఆడ వాల్‌ఐ గుడ్లు పెట్టేది వసంతంలోనే అయినా, కడుపులో గుడ్లు పెరగడం శరదృతువు నుంచే మొదలవుతుంది. దానికి తిండి ఎక్కువ కావాలి.

ఇక నీళ్ళు. సరస్సు తిరగబడటం అని విన్నప్పుడు మొదట్లో నాకేమీ అర్థం కాలేదు. విషయం ఇది. లోతైన సరస్సులో వేసవికి నీళ్ళు అరల్లా విడిపోతాయి. పైన ఎండకి వేడెక్కిన తేలిక నీళ్ళు, అడుగున చల్లటి బరువు నీళ్ళు, మధ్యలో ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోయే పలుచని అర. పైవాటికీ కిందవాటికీ కలయిక ఉండదు. అడుగున కుళ్ళే ఆకూ అలమూ అక్కడున్న ఆక్సిజన్‌ని తినేస్తూ ఉంటే, పైనుంచి కొత్తది దిగే దారి లేదు. ఆగస్టు చివరికి చాలా సరస్సుల అడుగు భాగంలో చేప బతకలేదు. అంటే చేపకి పై నుంచి వేడీ వెలుతురూ, కింద నుంచి ఊపిరాడకపోవడం. అది మధ్యలో ఇరుక్కుంటుంది.

సెప్టెంబర్, అక్టోబర్ చలికి పై నీళ్ళు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగడం మొదలుపెడతాయి. పైదీ కిందదీ ఒకే ఉష్ణోగ్రతకి వచ్చిన రోజు అరలు ఉండవు. గట్టి గాలి వీస్తే సరస్సు మొత్తం పై నుంచి అడుగు దాకా కలిసిపోతుంది. ఆ వారం నీళ్ళలో మడ్డి తేలుతుంది, కుళ్ళిన వాసన వస్తుంది, చేప సరిగా ముట్టదు. కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు చేసేవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మబ్బు పట్టి, వాన పడి చెరువు నీళ్ళు ఒక్కసారిగా చల్లబడితే ఆక్సిజన్ పడిపోయి తెల్లవారేసరికి చేపలు పైకి తేలతాయి, ఆ భయంతోనే రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. ఇక్కడ పెద్ద సరస్సుల్లో సాధారణంగా అంత ప్రమాదం ఉండదు. కొద్ది రోజులకి నీళ్ళు తేరుకుంటాయి. అప్పుడు ఒడ్డు నుంచి అడుగు దాకా ఎక్కడైనా చల్లగా ఉంటుంది, ఎక్కడైనా ఆక్సిజన్ ఉంటుంది. వేసవిలో ఇరుక్కున్న చేప ఇప్పుడు తిండి ఉన్న చోటికల్లా పోగలదు. తిండి ఒడ్డున ఉంది. ఒడ్డున అడ్డొచ్చేది పగటి వెలుతురు ఒక్కటే. చీకటి పడగానే అదీ పోతుంది.

అయితే ఈ తిరగబడటం అనే మాటని అన్ని సరస్సులకీ అంటగట్టకూడదు. మిన్నెసోటాలో వాల్‌ఐకి పేరుపడ్డ మిల్ లాక్స్ సరస్సునే చూడండి. విస్తీర్ణం 200 చదరపు మైళ్ళకి పైనే, కానీ అత్యధిక లోతు 42 అడుగులు. అంత వెడల్పు మీద గాలి వీస్తుంటే అలాంటి పళ్ళెంలాంటి సరస్సులో వేసవిలో కూడా అరలు గట్టిగా నిలవవు. అక్కడ శరదృతువులో చేప రాళ్ళ మెరకల మీదికి ఎక్కిందంటే దానికి తిండీ వెలుతురే ముఖ్య కారణాలు. సరస్సు తిరగబడటం గురించి ఎవరైనా చెబితే, ముందు ఆ సరస్సు లోతెంతో చూడండి.

పగటి పొడవు సంగతి చిన్నదే కానీ మనలాంటి ఉద్యోగస్తులకి ముఖ్యం. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి అయిదు కాకముందే పొద్దుగూకుతుంది. ఆఫీసు అయ్యాక వెళ్ళినా మంచి వేళ దొరుకుతుంది, తొమ్మిదికల్లా ఇంటికి వచ్చెయ్యొచ్చు.

కన్ను గురించి తెలిశాక ఎక్కడ నిలబడాలో సగం తెలిసినట్టే. లోతు నుంచి ఒడ్డుకి దారి దగ్గరగా ఉండాలి, అంటే నాలుగు అడుగులేసేసరికి లోతు వచ్చే చోటు. నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ కొస, రెండు సరస్సుల మధ్య వంతెన కింద నీరు పారే ఇరుకు, వాగు వచ్చి కలిసే చోటు. గాలి మొహానికి కొట్టే ఒడ్డు మంచిది. చలికి వెన్ను తిప్పి నిలబడాలనిపిస్తుంది కానీ అలలు చిన్న చేపల్ని ఆ ఒడ్డుకే తోస్తాయి, నీళ్ళని మసక చేస్తాయి. మసక నీళ్ళలో వాల్‌ఐకి పొద్దు త్వరగా వాలినట్టే.

ఎరకి చాలామంది సన్నటి, పొడుగాటి చేపబొమ్మ లూర్ వాడతారు. ఫిన్లాండ్‌కి చెందిన లౌరీ రాపలా అనే జాలరి 1930ల్లో గాయపడిన చిన్న చేప నడకని చూసి బెండుతో చెక్కిన బొమ్మకి ఇవి వారసులు. రంగుల గురించి డబ్బాల కొద్దీ చర్చ జరుగుతుంది, నేను మాత్రం రాత్రికి రంగు మీద పెద్దగా సమయం పెట్టొద్దంటాను. అంత చీకట్లో చేప చూసేది ఆకారాన్ని. కింద నుంచి పైకి చూస్తే, కాస్త వెలుతురున్న నీటిమట్టం మీద నల్లటి నీడలా కదిలే వస్తువది. కాబట్టి లూర్ చేపకి పైగా నడవాలి, అడుగున పాకకూడదు. చేప ఒంటి పక్కన ఉండే గీత నీటి కదలికని పసిగడుతుంది, అందుకే ఒళ్ళు ఊపుతూ వచ్చే లూర్ పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం నెమ్మది. చేప ఒంట్లో వేడి నీళ్ళని బట్టే ఉంటుంది. 7, 8 డిగ్రీల సెల్సియస్ నీళ్ళలో అది వేసవిలో లాగా తరమదు. రీలు పిడి ఒక చుట్టు తిప్పడానికి రెండు సెకన్లు పట్టాలి. నాలుగైదు చుట్లకోసారి పూర్తిగా ఆపెయ్యాలి. చీకట్లో ఆ ఆగడం చాలాసేపనిపిస్తుంది, చెయ్యి దానంతటదే తిరగబోతుంది. ఆపి ఉంచండి. నాకు పడ్డ వాటిల్లో ఎక్కువ భాగం అలా ఆపినప్పుడు పడ్డవే. మళ్ళీ తిప్పబోయేసరికి అవతల బరువు ఉంటుంది, అంతే.

లైటు విషయం బావ దగ్గర నేర్చుకున్నాను. మొదటి రాత్రి నేను తలకి కట్టుకున్న లైటు వేసుకునే గాలం విసురుతున్నాను. పక్కన ముప్ఫై అడుగుల దూరంలో ఆయనకి రెండు పడ్డాయి, నాకు ఒక్కటీ తగల్లేదు. "ఒరేయ్, ఆ లైటు నీళ్ళ మీద పడనీకు, వెనక్కి తిరిగి వేసుకో" అన్నాడు. మసక వెలుతురు కోసం తయారైన కంట్లోకి నేను నేరుగా తెల్ల లైటు కొడుతున్నాను మరి. ముడి వేసేటప్పుడు ఒడ్డు వైపు తిరగడం, ఎర్ర లైటు వాడటం అప్పటి నుంచి అలవాటైంది. అడుగుల చప్పుడూ అంతే. నాలుగడుగుల నీళ్ళలో ఉన్న చేపకి రాళ్ళ మీద బూటు కొట్టుకోవడం బాగా తెలుస్తుంది.

పున్నమి మాటకి వద్దాం. నిండు చంద్రుడి రాత్రులు బాగుంటాయని చాలామంది నమ్ముతారు, నా అనుభవమూ కొంతవరకు అదే. కన్ను లెక్కన చూస్తే ఇందులో వింతేమీ లేదు. తేట నీళ్ళున్న సరస్సులో వెన్నెల ఉంటే వాల్‌ఐకి వేట వేళ పొద్దుగూకిన రెండు మూడు గంటలతో ఆగకుండా సాగుతుంది. మబ్బు పడితే, నీళ్ళు బురదగా ఉంటే ఆ లాభం ఉండదు. క్యాలెండర్ చూసి సెలవు పెట్టేముందు ఆకాశం చూడాలి.

ఇక భద్రత. దీని గురించి మెత్తగా చెప్పలేను. శరదృతువు నీళ్ళలో పడితే మనిషిని ముందు చంపేది ఒళ్ళు చల్లబడటం కాదు. పడీ పడగానే ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ క్షణంలో నోట్లోకి నీళ్ళు పోతాయి. ఇక్కడ 1-10-1 అని నేర్పుతారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్ళూ పనికొచ్చేది సుమారు 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. ఆ మొదటి నిమిషం లైఫ్ జాకెట్ మాత్రమే దాటిస్తుంది. ఈత బాగా వచ్చు అన్న ధీమా పనికిరాదు, గోదారి ఈదినవాళ్ళకైనా ఈ నీళ్ళు వేరు. నడుము దాకా వచ్చే వేడర్స్, అంటే నీళ్ళు చొరని బూట్ల ప్యాంటు, వేసుకుని దిగేవాళ్ళు పైన బెల్టు బిగించాలి, పడితే లోపలికి నీళ్ళు దూరకుండా. పగలు ఒకసారి వచ్చి ఆ చోట రాళ్ళెలా ఉన్నాయో చూసుకోకుండా రాత్రి దిగొద్దు. ఒంటరిగా అసలే వద్దు. పడవ మీదైతే ముందు ఎరుపు, ఆకుపచ్చ లైట్లు, వెనక తెల్ల లైటు వెలుగుతూ ఉండాలి.

చట్టం సంగతి సరస్సు సరస్సుకీ, ఏడాది ఏడాదికీ మారుతుంది, కాబట్టి బయల్దేరే ముందు రాష్ట్ర సహజ వనరుల శాఖ నిబంధనలు చదవాల్సిందే. మిల్ లాక్స్‌లో ఇది మరీ సున్నితం. 1837 ఒప్పందంలో ఒజిబ్వేలు భూమిని వదులుకున్నా, అక్కడ వేటాడే, చేపలు పట్టే హక్కుని వదులుకోలేదు. ఆ హక్కు ఇంకా బతికే ఉందని అమెరికా సుప్రీం కోర్టు 1999లో 5-4 తేడాతో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఏటా ఎన్ని పౌండ్ల వాల్‌ఐ తియ్యొచ్చో లెక్కగట్టి రాష్ట్రం, ఒజిబ్వే తెగలు పంచుకుంటాయి. 2016లో రాష్ట్రం వైపు వాళ్ళు పట్టిన వాల్‌ఐని ఇంటికి తీసుకెళ్ళడానికి వీల్లేకపోయింది, వదిలెయ్యాల్సి వచ్చింది. కొన్నేళ్ళు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేపలు పట్టడమే నిషేధించారు. తెగల వల్లే చేప తగ్గిందని ఒడ్డున కొందరు అంటుంటే విన్నాను. ఆ మాట నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే సరస్సే మారిపోయింది. 2005లో అక్కడ జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు కనిపించాయి. అవి నీటిని వడగట్టి తింటాయి, నీళ్ళు ఇంకా తేటవుతాయి. వాటికి ముందే నీళ్ళు తేటపడటం మొదలైంది. తేట నీళ్ళు మనకి అందం, మసక కోరే వాల్‌ఐకి మాత్రం పగటిపూట ఉండే చోటు తగ్గిపోవడం. అందుకే ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పోయేటప్పుడు పడవలో నీళ్ళు పూర్తిగా వదిలెయ్యడం, బూట్లకి అంటిన నాచు తీసెయ్యడం నేను గట్టిగా పాటిస్తాను.

పట్టింది వదిలెయ్యాలనుకుంటే ఈ కాలమే అన్నిటికన్నా మంచిది. వాల్‌ఐ పొట్టలోని గాలితిత్తికి బయటికి దారి ఉండదు. లోతు నుంచి గబగబా లాగితే తిత్తి ఉబ్బి చేప దెబ్బతింటుంది. నాలుగడుగుల నీళ్ళలో పడ్డ చేపకి ఆ బాధ లేదు. పైగా చల్లటి నీళ్ళలో వదిలిన చేప వేసవిలో వదిలిన దానికన్నా బాగా తేరుకుంటుంది. చేతులు తడి చేసుకుని పట్టుకుంటే దాని ఒంటి జిగురు పోదు.

మా ఇంట్లో కార్తీకంలో నీచు ముట్టరు. చాలా ఏళ్ళలో అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో, సరిగ్గా చేప బాగా పడే రోజుల్లోనే అది వస్తుంది. కాబట్టి ఆ నెలలో పడ్డవన్నీ నీళ్ళలోకే వెళ్తాయి. మిగతా రోజుల్లో చిన్నవి ఒకటి రెండు తెస్తాం. తెల్లటి, నీచు వాసన తక్కువ ఉన్న కండ. పులుసులో వేస్తే చింతపండుని బాగా పీలుస్తుంది, కాకపోతే త్వరగా విరిగిపోతుంది కాబట్టి దించే ముందు వెయ్యాలి. ముదురు చేపల్లో పాదరసం ఎక్కువ చేరి ఉంటుంది, అది కండలోనే ఉంటుంది కనుక కడిగినా వండినా పోదు. గర్భిణులూ పిల్లలూ ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ సరస్సుల వారీగా చెబుతుంది, ఇంట్లో అలాంటివాళ్ళుంటే అది చూశాకే వండండి. పెద్ద ఆడచేపల్ని మేం ఎప్పుడూ తీసుకురాం.

కిందటేడు చివరిసారి వెళ్ళింది నవంబర్ మూడో వారంలో. రాడ్ రింగుల్లో మంచు పేరుకుపోయి ప్రతి నాలుగు విసుర్లకీ వేళ్ళతో కరిగించాల్సి వచ్చింది. ఎనిమిదింటికి గాలి ఆగిపోయింది. ఆ తర్వాత విసిరిన లూర్ నీళ్ళలో పడిన చప్పుడు రాలేదు, గాజు మీద గులకరాయి జారినట్టు సన్నగా గీసుకుంటూ పోయింది. బావ ఎర్ర లైటు వేసి చూశాడు. ఒడ్డు నుంచి ఇరవై అడుగుల దాకా మంచు పొర కట్టేసింది. లైను మెల్లగా చుట్టుకుని, బూట్ల నాచు దులుపుకుని, కారెక్కాం.